బీజదాతల ఆరోగ్యచరిత్ర: చట్టములు నడచిన దారి

రోగి ఎదుట కూర్చుండిన వైద్యుడు నాడి చూచుటకు ముందే కొన్ని ప్రశ్నలు వేయును. మీ నాయనగారికి చక్కెరవ్యాధి కలదా? తల్లివైపున ఎవరికైనను గుండెజబ్బు వచ్చినదా? తోడబుట్టినవారు ఆరోగ్యముగా ఉన్నారా? ఈ ప్రశ్నలకు మనలో చాలమంది ఆలోచింపకయే సమాధానము చెప్పుదురు. తాతకు వచ్చిన పక్షవాతము, మేనత్తకు వచ్చిన రొమ్ము క్యాన్సరు, పెదనాన్నగారి మూత్రపిండముల జబ్బు ఇవన్నియు ఇంటిలో వినుచు పెరిగిన కథలే. పైసా ఖర్చులేని ఈ పరీక్ష మిక్కిలి విలువగలది. రోగము తల ఎత్తకముందే ఏ అవయవమును కనిపెట్టి ఉండవలెనో అది వైద్యునికి చెప్పును.

ఈ ప్రశ్నలకు సగము సమాధానమే చెప్పగలవారు ప్రపంచమున నేడు చాలమంది ఉన్నారు. వారు దాత యిచ్చిన వీర్యముతో గాని, దాత్రి యిచ్చిన అండముతో గాని పుట్టినవారు. వారిలో అనేకులకు ఆ సంగతియే తెలియదు. అట్టివారు తమను పెంచిన తండ్రి వంశములోని రోగములను తమవిగా భావించి వైద్యునికి చెప్పుదురు. సమాధానము లేకపోవుట కంటె తప్పు సమాధానము ఉండుట ఎక్కువ ప్రమాదము.

దాత ఎవరో చెప్పకుండుట ఒక సంగతి. దాత కుటుంబమున ఏ రోగములు ఉన్నవో చెప్పకుండుట మరియొక సంగతి. ఈ రెండును వేరువేరని చట్టములు గ్రహించుటకు సుమారు నూరేండ్లు పట్టినది.

మన ఇతిహాసములలోని నియోగమున ఈ చిక్కు లేదు. విచిత్రవీర్యుని భార్యలకు సంతానము కలిగించినవాడు వ్యాసుడని కురువంశమున అందరికిని తెలియును. ధృతరాష్ట్రుడు అంధుడై, పాండురాజు పాలిపోయిన మేనితో పుట్టుటకు కారణము కూడ ఆ కథలోనే చెప్పబడినది. ఆ కారణము శాస్త్రమునకు నిలువదు గాని, దాత ఎవరో దాచవలెనన్న పట్టుదల అక్కడ కనబడదు. రహస్యమనునది ఈ విషయమున ఆధునిక వైద్యము తెచ్చిపెట్టిన నియమము.

పద్దెనిమిదవ శతాబ్ది చివరిభాగమున లండనులో జాన్ హంటర్ అను ప్రసిద్ధ శస్త్రవైద్యుడు ఒక బట్టల వర్తకుని వీర్యమును పిచికారీతో ఆతని భార్యకే ఎక్కింపజేసి గర్భము కలుగునట్లు చేసెనని వైద్యచరిత్రలు చెప్పుచున్నవి. అందు దాత ప్రసక్తి లేదు. పరుని వీర్యముతో కృత్రిమ గర్భధారణ జరిగినట్లు నమోదైన తొలి ఉదంతము 1884 నాటిది. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున ఒక వర్తకుడు, ఆతని భార్య సంతానము లేదని జెఫర్సన్ వైద్యకళాశాలలో ఆచార్యుడగు విలియం పాన్‌కోస్ట్‌ను ఆశ్రయించిరి. లోపము భార్యలోనే ఉండునని తలచి మొదట ఆమెనే పరీక్షించిరి. (ఈ అలవాటు ఫిలడెల్ఫియాకు మాత్రమే పరిమితము కాదు.) ఏ లోపమును కనబడలేదు. పిమ్మట భర్త వీర్యమును సూక్ష్మదర్శినిలో చూడగా అందు శుక్రకణములే లేవు. పడుచుదనమున తగిలిన సెగరోగము దానికి కారణము.

పాన్‌కోస్ట్ మరియొక పరీక్ష ఉన్నదని చెప్పి ఆమెను పిలిపించెను. క్లోరోఫారముతో మత్తు కలిగించి, ఆరుగురు విద్యార్థుల యెదుట, విద్యార్థులలోనే ఒకని వీర్యమును ఆమె గర్భాశయములోనికి ఎక్కించెను. తరగతిలో అందగాడెవడో వానినే దాతగా ఎన్నుకొనిరట. మగశిశువు పుట్టెను. భర్తకు తరువాత నిజము చెప్పగా అతడు కోపింపలేదు. భార్యకు మాత్రము ఎన్నడును చెప్పవద్దని వేడుకొనెను. ఆమెకు ఎన్నడును చెప్పలేదు. ఇరువదియైదేండ్ల తరువాత, 1909లో, ఆడిసన్ డేవిస్ హార్డ్ అను వైద్యుడు 'మెడికల్ వరల్డ్' అను పత్రికకు వ్రాసిన లేఖతో ఈ సంగతి లోకమునకు తెలిసెను.

ఆ తల్లి అనుమతి లేకుండ ఆమె శరీరముపై జరిగినది ఘోరమైన అన్యాయము. దానిని గూర్చి వేరుగా చెప్పవలసినది చాల కలదు. ఇక్కడ గమనింపవలసినది దాతను ఎన్నిక చేసిన విధము. ముఖము బాగున్నదా యని చూచిరి. వాని తండ్రి దేనితో మరణించెనో, మేనమామలకు ఏమి జబ్బులో అడిగినట్లు ఎక్కడను కనబడదు. ఇందుకు ఆ కాలపువారిని పూర్తిగా తప్పుపట్టుటకును వీలులేదు. బఠానీ మొక్కలపై మెండెల్ చేసిన పరిశోధన 1866లో అచ్చైనను 1900 వరకు దాని విలువను గుర్తించినవారు లేరు. ఆ మెండెల్ కన్నుమూసినది కూడ ఈ 1884లోనే.

తరువాతి కాలమున ఈ పద్ధతి వైద్యుల గదులలో గుట్టుగా సాగెను. గుట్టునకు కారణములు లేకపోలేదు. 1948లో ఇంగ్లండున కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు నియమించిన సంఘము పరవీర్యముతో గర్భధారణను నేరముగా ప్రకటింపవలెనని సిఫారసు చేసెను. 1954లో షికాగోలోని న్యాయస్థానమొకటి, భర్త అంగీకరించినను ఇది వ్యభిచారమే యనియు, పుట్టిన బిడ్డ అక్రమసంతానమనియు తీర్పు చెప్పెను. 1960లో బ్రిటిషు ప్రభుత్వపు ఫెవర్షామ్ సంఘము దీనిని నేరమనలేదు గాని ప్రోత్సహింపదగినది కాదనెను. ఇట్టి వాతావరణమున కాగితముపై వ్రాసిపెట్టిన ప్రతి అక్షరమును తల్లికి, బిడ్డకు, దాతకు, వైద్యునికి ముప్పుగానే తోచినది. అందుచేత కొందరు వైద్యులు వ్రాయుటయే మానిరి. కొందరు వ్రాసినదానిని నాశనము చేసిరి. మరికొందరు భర్త వీర్యమును, దాత వీర్యమును కలిపి ఎక్కించిరి; తండ్రి ఎవరో తమకే తెలియకుండవలెనని వారి కోరిక. శాస్త్రము చదివినవారు ఒక విషయమును తెలిసికొనకుండుటకై ఇంత శ్రమపడిన సందర్భములు అరుదు.

చట్టము మొదట ఈ రంగమున అడుగుపెట్టినది బిడ్డ ఆరోగ్యమును గూర్చి కాదు, వారసత్వమును గూర్చి. 1964లో అమెరికాలోని జార్జియా రాష్ట్రము, భార్యాభర్తల అంగీకారముతో ఇట్లు పుట్టిన బిడ్డ సక్రమసంతానమేనని శాసనము చేసెను. 1973లో అమెరికా రాష్ట్రములన్నిటికి నమూనాగా తయారైన ఏకరూప పితృత్వ చట్టము భర్తయే తండ్రియని స్పష్టముగా చెప్పెను. అది మంచిపని. దానితోపాటు ఆ చట్టము ఇంకొక మాట కూడ చెప్పెను: గర్భధారణకు సంబంధించిన కాగితములు ఎక్కడ ఉన్నను, తగిన కారణము చూపి న్యాయస్థానపు ఉత్తరువు తెచ్చినగాని ఎవరును చూడరాదు. పేరును దాచుటకు వేసిన తాళము ఇది. అదే పెట్టెలో రోగచరిత్ర కూడ ఉన్నదని అప్పుడు ఎవరును అంతగా ఆలోచింపలేదు.

ఇంతలో దానము యొక్క పరిమాణమే మారిపోయెను. 1949లో ఇంగ్లండున పోల్జ్, స్మిత్, పార్క్స్ అను శాస్త్రజ్ఞులు, గ్లిసరాలు కలిపి గడ్డకట్టించినచో శుక్రకణములు చావక నిలుచునని కనుగొనిరి. 1953లో అయోవా విశ్వవిద్యాలయమున షెర్మన్, బంజ్ అనువారు గడ్డకట్టించి కరిగించిన మానవ వీర్యముతో గర్భములు కలుగునట్లు చేసిరి. అంతకుముందు దాత అదే ఊరిలో, అదే గడియలో ఉండవలెను. ఇకమీదట ఆతని వీర్యము సీసాలలో ఏండ్లతరబడి నిలువయుండి, వేల మైళ్లు ప్రయాణము చేయగలదు. వీర్య బ్యాంకులు వెలసినవి. ఒక యువకుడు తన రెండు మూడు సంవత్సరముల కళాశాల చదువులో ఎన్నడును చూడని పదుల బిడ్డలకు జన్మకారకుడు కాగలిగెను.

1979లో విస్కాన్సిన్ పరిశోధకులు అమెరికా వైద్యుల ఆచారములను విచారించి 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్' పత్రికలో ప్రకటించిరి. 471 మంది వైద్యులు సమాధానము పంపిరి. పుట్టిన బిడ్డలను గూర్చి శాశ్వతముగా వివరములు ఉంచుచున్నవారు వారిలో మూడవవంతునకు కొంచెము మించియు, దాతలను గూర్చి ఉంచుచున్నవారు మూడవవంతునకు కొంచెము తక్కువగాను ఉండిరి. దాతల వంశపు రోగములను గూర్చిన విచారణ పైపైననే జరుగుచుండెను. దాతలలో ఎక్కువమంది వైద్యవిద్యార్థులు, ఆసుపత్రి యువవైద్యులు. తమ రోగులను కుటుంబచరిత్ర తప్పక అడుగవలెనని ప్రతిదినము బోధింపబడువారు వారే.

మొదటి మేలుకొలుపు అంటురోగము వలన వచ్చినది. 1985లో ఆస్ట్రేలియాలో, పైకి ఆరోగ్యముగా ఉన్న ఒక దాత వీర్యము ఎక్కించుకొన్న ఎనిమిదిమంది స్త్రీలలో నలుగురికి ఎయిడ్స్ వైరస్ సోకినట్లు 'లాన్సెట్' పత్రిక తెలిపెను. అంటురోగమును రక్తపరీక్షతో పట్టవచ్చును. సీసాను ఆరు నెలలు పక్కన నుంచి, దాతను మరల పరీక్షించి, అటుపిమ్మట విడుదల చేయవచ్చును. కావున ప్రభుత్వములు ఇచట త్వరగానే కదలినవి. అమెరికాలో 2005 మే 25 నుండి ఆహార ఔషధ శాఖ నియమములు ఈ పరీక్షలను అన్ని బ్యాంకులకు నిర్బంధము చేసినవి. ఎయిడ్స్, కామెర్ల వైరసులు, సవాయి, సెగరోగము మొదలగునవన్నియు ఆ పట్టికలో కలవు. వంశపారంపర్యముగా వచ్చు రోగములకు జన్యుపరీక్ష మాత్రము అందు నిర్బంధము కాలేదు. వృత్తిసంఘముల సూచనలు ఉన్నవి గాని, సూచన వేరు, చట్టము వేరు.

వంశపారంపర్యరోగము ఎందులకు ఇంత చిక్కైనదో జీవశాస్త్రపు తరగతిలో సులభముగా చూపవచ్చును. ఉపాధ్యాయుడు నల్లబల్లపై వంశవృక్షము గీయునప్పుడు పురుషునికి చతురస్రము, స్త్రీకి వృత్తము, రోగమున్నవారికి నింపిన బొమ్మ వేయును. దాత వలన పుట్టిన బిడ్డ వంశవృక్షమున ఒక చతురస్రము ఖాళీగా ఉండును. దానిపైన ఉండవలసిన తాత, అవ్వల బొమ్మలే ఉండవు. రోగకారకమగు జన్యువు అంతర్గతమైనచో, ఉదాహరణకు తలసీమియా వలె, తల్లికిని దాతకును అది ఉన్నప్పుడే నలుగురిలో ఒకరికి రోగము వచ్చు అవకాశము కలదు. జన్యువు బహిర్గతమైనచో తల్లి ఆరోగ్యముతో నిమిత్తము లేదు. ప్రతి బిడ్డకును సగము అవకాశము. అంతకంటె చిక్కైనది కాలము. మూత్రపిండములలో నీటితిత్తులు పెరిగి, వానిని క్రమముగా పాడుచేయు బహుకోశ మూత్రపిండ వ్యాధి బహిర్గత జన్యువు వలన వచ్చును. అది సాధారణముగా ముప్పది నలుబది ఏండ్ల ప్రాయమున బయటపడును. ఇరువదిరెండేండ్ల విద్యార్థి దానమిచ్చునాటికి ఆతనికి ఏ బాధయు ఉండదు. ఆతనికి తెలిసినదంతయు తన తల్లి మంచమున పడియున్నదను సంగతి మాత్రమే.

సరిగా ఇట్టిదే ఒక ఉదంతము కాలిఫోర్నియాలో జరిగినది. 1980వ దశాబ్ది చివర ఒక దంపతులు వీర్య బ్యాంకు నుండి ఒక సంఖ్యగల దాత వీర్యమును కొనిరి. 1989లో ఆడబిడ్డ పుట్టినది. ఆరేండ్ల వయసున ఆ పిల్లకు పైన చెప్పిన మూత్రపిండ వ్యాధి ఉన్నట్లు తేలినది. తల్లిదండ్రుల వంశములలో అది లేదు. విచారింపగా, దాత తన తల్లికిని, పినతల్లికిని మూత్రపిండముల జబ్బు ఉన్నదని బ్యాంకువారికి ముందే చెప్పియున్నాడని బయటపడినది. అనగా ఆ మాట కాగితముపై ఉన్నది, కొన్నవారివరకు రాలేదు. ఆ దాత వీర్యమును బ్యాంకువారు మూడు వందలకు పైగా పర్యాయములు స్వీకరించియుండిరి.

తల్లిదండ్రులు దావా వేసి, దాతను సాక్షిగా విచారింపవలెనని కోరిరి. పేరు బయటపెట్టబోమని ఒప్పందములో ఉన్నదని బ్యాంకు వాదించెను. 2000వ సంవత్సరమున కాలిఫోర్నియా అప్పీలు న్యాయస్థానము చెప్పిన తీర్పు ఈ చరిత్రలో ఒక మలుపు. పుట్టబోవు బిడ్డ ఆరోగ్యమునకు అవసరమైన సమాచారమును అన్ని సందర్భములలోను శాశ్వతముగా మూసివేయు ఒప్పందము ప్రజాహితమునకు విరుద్ధమని న్యాయమూర్తులు చెప్పిరి. చట్టమే 'తగిన కారణము' చూపినచో కాగితములు తెరువవచ్చుననుచున్నది గదా యనిరి. దాతకు గోప్యతాహక్కు కలదు; కాని అది హద్దులేనిది కాదు. దాత సాక్ష్యము చెప్పవలెను. అయితే ఆతని పేరు అవసరమునకు మించి ఎవరికిని తెలియకుండ జాగ్రత్త వహింపవలెను. పేరును, రోగచరిత్రను ముడివేసిన త్రాడును న్యాయస్థానము విప్పుట ఇచట స్పష్టముగా కనబడుచున్నది.

అయితే ఈ దాత తనకు తెలిసినది చెప్పినవాడు. తెలియనివాని మాట యేమి? 2009లో అమెరికా వైద్యసంఘపు పత్రిక 'జామా'లో అచ్చైన ఒక నివేదిక దీనికి సమాధానము. 1990 ప్రాంతమున దానమిచ్చిన 23 ఏండ్ల యువకునికి గాని, ఆతని కుటుంబమునకు గాని గుండెజబ్బు ఉన్నట్లు తెలియదు. ఆనాటి పరీక్షలన్నింటిలోను ఆతడు నెగ్గెను. కొన్ని ఏండ్ల తరువాత, దానము వలన పుట్టిన ఒక బిడ్డకు గుండెకండరము అతిగా దళసరియగు వ్యాధి కనబడినది. ఆ కబురు బ్యాంకుకు, బ్యాంకునుండి దాతకు చేరినది. దాతను పరీక్షింపగా ఆతనికిని అదే జన్యుదోషము ఉన్నట్లు తేలినది. ఆతని సంతానముగా తెలియవచ్చిన 24 మందిలో (ఇద్దరు ఆతని స్వంత వివాహమున పుట్టినవారు) 9 మందికి ఆ దోషము సంక్రమించినది. వారిలో ఒక పసివాడు రెండేండ్లకే గుండె చెడి మరణించెను.

ఇందు గమనింపవలసినది కబురు నడచిన దిక్కు. తండ్రినుండి బిడ్డకు కాదు. బిడ్డనుండి తండ్రికి, తండ్రినుండి తక్కిన బిడ్డలకు. కాగితములు తగులబెట్టిన రోజులలో అయినచో ఈ కబురునకు పోవు దారియే ఉండెడిది కాదు. దానమునాడు వ్రాయించుకొన్న రోగచరిత్ర ఒక ఛాయాచిత్రము వంటిది. మనిషి ఆ తరువాత బ్రతికిన నలుబది ఏండ్లు అందు ఉండవు.

ఇదే కాలమున ఇతర దేశములు వేరొక మార్గమున నడచినవి. స్వీడను 1984లో చేసి, 1985 మార్చి 1 నుండి అమలుపరచిన చట్టము, బిడ్డకు తగిన వయసు వచ్చినప్పుడు దాత ఎవరో తెలిసికొనుహక్కు ఇచ్చెను. ఆసుపత్రి ఆ వివరములను 70 ఏండ్లు భద్రపరుపవలెను. ఆ సంఖ్యను వ్రాసినవారు మనిషి ఆయుర్దాయమును మనసున పెట్టుకొని వ్రాసినట్లున్నది. స్వీడను వాదము ప్రధానముగా బిడ్డ తన పుట్టుకను తెలిసికొనుటను గూర్చినది. ఆరోగ్యము దాని వెంట వచ్చిన లాభము. బ్రిటనులో వార్నాక్ సంఘపు నివేదిక 1984లో వెలువడగా, 1990లో శాసనమై, 1991 ఆగస్టు నుండి దాతల కేంద్ర పట్టిక ఏర్పడినది. ఆ శాసనమున ఒక విచిత్రమైన నిబంధన కలదు: బిడ్డ పుట్టుకతో వచ్చిన వైకల్యమును గూర్చి దావా వేయదలచినచో, దాత పేరును వెల్లడింపుమని న్యాయస్థానము ఉత్తరువు చేయవచ్చును. తక్కినవారికి పేరు తెలియు అవకాశము 2005 ఏప్రిల్ 1 తరువాత నమోదైన దాతల విషయముననే కలిగెను. నెదర్లాండ్సు 2004లో, జర్మనీ 2018లో, ఫ్రాన్సు 2022లో ఇంచుమించు ఈ త్రోవనే పట్టినవి.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రపు కథ వీనికంటె నిదానముగా చెప్పదగినది. అచట చట్టము మూడు మెట్లుగా మారుటచేత బిడ్డలు మూడు తెగలైరి. 1988 జూలైకి ముందు ఇచ్చిన దానములకు రహస్యమే నియమము. అప్పటినుండి 1997 చివరివరకు ఇచ్చినవానికి దాత ఒప్పుకొన్నచో వివరము తెలియును. 1998 జనవరి నుండి ఇచ్చినవానికి బిడ్డకు 18 ఏండ్లు నిండగానే అడిగి తెలిసికొనవచ్చును. ఒకే వీధిలో, ఒకే విధముగా పుట్టిన ముగ్గురికి, పుట్టిన తేదీని బట్టి మూడు హక్కులు.

మొదటి తెగలో 1983లో పుట్టిన నరెల్ అను ఆమె ఒకతె. పదునైదవ యేట తన జన్మవృత్తాంతము విని, దాతను వెదకుట ప్రారంభించెను. 2011లో ఆమెకు ముదిరిన ప్రేగు క్యాన్సరు ఉన్నట్లు తెలిసెను. అప్పటికామెకు ముప్పది ఏండ్లు కూడ నిండలేదు. అంత చిన్నవయసున వచ్చు ప్రేగు క్యాన్సరు వంశపారంపర్యము కావచ్చునని వైద్యులకు అనుమానము. ఆమెకు అదే దాత వలన పుట్టిన తోబుట్టువులు ఎనిమిదిమంది ఉన్నారని మాత్రము తెలియును. వారు ఎవరో, ఎక్కడ ఉన్నారో తెలియదు. వారికి 'పరీక్ష చేయించుకొనుడు' అను ఒక్కమాట పంపుటకు చట్టమున దారి లేదు. ప్రేగు క్యాన్సరును ముందుగా కనుగొన్నచో నయముచేయుటకు చాలవరకు వీలున్నది. అదే ఆమె ఆవేదనకు కారణము. 2012లో శాసనసభా సంఘమొకటి పాత దాతల వివరములను కూడ తెరువవలెనని సిఫారసు చేసెను. 2013లో రాష్ట్రప్రధాని స్వయముగా కల్పించుకొనగా దాత ఆచూకి దొరకి, ఆమె ఆతనిని కలిసికొనెను. కొలది వారములకే, ఆ మార్చి నెలలో, 30 ఏండ్ల వయసున మరణించెను.

2016లో విక్టోరియా శాసనసభ, ఏనాటి దానమైనను పుట్టినవారికి దాత వివరము ఇయ్యవలెనని చట్టము చేసెను. 2017 మార్చి 1 నుండి అది అమలైనది. జనులు దానిని 'నరెల్ చట్టము' అనుచున్నారు. దీనికి ఎదురువాదము బలహీనమైనది కాదు. దాతలు రహస్యమను వాగ్దానమును నమ్మి ముందుకు వచ్చినవారు. ముప్పది ఏండ్ల తరువాత ప్రభుత్వము ఆ మాటను తిరుగద్రిప్పుట న్యాయమా? చట్టము దీనికి సగము సమాధానము చెప్పినది: వివరము ఇయ్యబడును గాని, తన్ను కలిసికొనరాదని, లేక ఫలానా విధముగా మాత్రమే కలిసికొనవలెనని కోరుకొను హక్కు దాతకు కలదు. అయినను ఇచట ఒక ప్రశ్న మిగిలియే యున్నది. కోరినది రోగవార్త మాత్రమే యైనచో, పేరు చెప్పకుండగనే మధ్యవర్తి ద్వారా చేరవేయు ఏర్పాటు 1988లోనే చేసియుండవచ్చును. అట్లు చేసినచో వాగ్దానమును మీరవలసిన అగత్యము చాలమందికి కలిగియుండెడిది కాదు.

ఈ విభజనను శాసనములో సూటిగా వ్రాసినది అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రము. 2011 నాటి ఆ చట్టము ప్రకారము దాత తన పేరును, రోగచరిత్రను రెండింటిని చికిత్సాలయమునకు ఇయ్యవలెను. బిడ్డకు 18 ఏండ్లు నిండిన పిమ్మట పేరు అడిగినచో, వలదని దాత సంతకము చేసియుండనియెడల, చెప్పవలెను. రోగచరిత్ర అడిగినచో, దాత వలదన్నను, పేరు తొలగించి ఇయ్యవలెను. 2017లో సవరింపబడిన ఏకరూప పితృత్వ చట్టము ఈ పద్ధతినే స్వీకరించి, బిడ్డకు 18 ఏండ్లు నిండకముందు తల్లిదండ్రులు అడిగినను రోగచరిత్ర ఇయ్యవలెనని చేర్చెను. కీలకమైన చేర్పు ఇది. పసితనమున వచ్చు రోగము పదునెనిమిదేండ్లు కాచుకొని ఉండదు.

ఛాయాచిత్రమును మరల మరల తీయవలెనను ఆలోచన కొలరాడో రాష్ట్రమున శాసనరూపము పొందెను. 2022 మే 31న గవర్నరు సంతకము చేసిన ఆ చట్టము 2025 జనవరి 1 నుండి ఇచ్చిన దానములకు వర్తించును. పేరు చెప్పని దానమునకు అందు తావులేదు. బ్యాంకులు మూడేండ్లకొకసారి దాతను విచారించి రోగచరిత్రను కొత్తచేయుటకు ప్రయత్నింపవలెను. ఒక దాత బీజకణములు 25 కుటుంబములకు మించి పోరాదు.

ఇక దాత అబద్ధమాడినచో ఏమగును? జార్జియా రాష్ట్రమున ఒక దాత తనకు గొప్ప చదువులున్నవని, ఏ జబ్బును లేదని వ్రాసియిచ్చెను. తరువాత ఆతనికి తీవ్రమైన మానసికరోగమున్నదని, చెప్పిన చదువులు లేవని, జైలుశిక్ష కూడ అనుభవించెనని తల్లిదండ్రులు న్యాయస్థానములకు ఎక్కిరి. 2020లో జార్జియా అత్యున్నత న్యాయస్థానము, బిడ్డ పుట్టుకనే నష్టముగా లెక్కించు దావాను ఒప్పుకొనలేదు. మోసపు మాటలతో సరకు అమ్మినందులకు, అందువలన కలిగిన ఇతర ఖర్చులకు దావా వేయవచ్చునని చెప్పెను. న్యూయార్కు రాష్ట్రమున ఒక దంపతుల కుమారుడు మానసికవ్యాధితో బాధపడి 2020లో మరణింపగా, దాతకు ఆ వ్యాధి యుండెనని తరువాత తెలిసినది. ఆ యువకుని పేర 'స్టీవెన్ చట్టము' అను బిల్లును 2022లో క్రిస్ జేకబ్స్ అమెరికా ప్రతినిధిసభలో ప్రవేశపెట్టెను. దాత చెప్పిన రోగచరిత్రను బ్యాంకు తానై సరిచూడవలెననునది దాని సారాంశము. ఆ సభ కాలపరిమితి ముగియుటతో బిల్లు నిలిచిపోయెను. వెనుకటి చట్టములన్నియు 'అడుగుము' అన్నవే. 'సరిచూడుము' అన్న మాట ఇక్కడ ప్రధానమైనది.

సరిచూచుటకును హద్దు కలదని ఐరోపాలో 2025లో తెలిసెను. టి.పి. 53 అను జన్యువు కణములు క్యాన్సరుగా మారకుండ కాపాడును. ఆ జన్యువున అరుదైన మార్పుగల ఒక దాత బీజకణములు అనేక దేశములకు పోయినవి. ఎనిమిది దేశములలోని 67 మంది బిడ్డలలో 23 మందికి ఆ మార్పు సంక్రమించెననియు, 10 మందికి క్యాన్సరు వచ్చెననియు ఆ మే నెలలో ఐరోపా జన్యుశాస్త్ర సమావేశమున తెలిపిరి. డిసెంబరునాటికి ఆ దాత బిడ్డల సంఖ్య కనీసము 197 అని వార్తాసంస్థల పరిశోధనలో తేలెను. దాత ఆరోగ్యవంతుడు. ఆతడు ఏమియు దాచలేదు. దానము మొదలైననాటికి ఆ మార్పు క్యాన్సరునకు దారితీయునని ఎవరికిని తెలియదు. ఇట్టిచోట ప్రమాదమును తగ్గించునది బిడ్డల సంఖ్యపై పరిమితి, రోగము కనబడిన మరునాడే అన్ని దేశములకు కబురు పోవు ఏర్పాటు. ఆ పరిమితి దేశమునకు ఒకటిగా ఉన్నది. సీసాలు మాత్రము సరిహద్దులు దాటుచున్నవి.

ఈ సంఖ్యలు చదివిన పిమ్మట భారతదేశపు చట్టము కొన్ని అంశములలో ముందుగా కనబడును. 2005లో భారత వైద్య పరిశోధన మండలి వెలువరించిన సూచనలలోనే, వీర్యదాతకు ఎయిడ్స్, కామెర్ల వైరసులతోపాటు తలసీమియా వంటి జన్యురోగములు ఉండరాదని కలదు. దానము వలన పుట్టిన బిడ్డకును, తల్లిదండ్రులకును బిడ్డ ఆరోగ్యమునకు అవసరమైన వైద్యవివరములు తెలిసికొను హక్కు కలదనియు వానిలో వ్రాసిరి. కాని అవి సూచనలే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో సహా దేశమంతటికి వర్తించు సహాయక పునరుత్పత్తి సాంకేతికతా నియంత్రణ చట్టము 2021 డిసెంబరులో తయారై, 2022 జనవరి 25న అమలులోనికి వచ్చెను. వీర్యదాతకు 21 నుండి 55, అండదాత్రికి 23 నుండి 35 ఏండ్లు ఉండవలెను. అండదాత్రి జీవితమున ఒక్కసారియే దానము చేయవచ్చును. ఒక దాత బీజకణములను బ్యాంకు ఒక్క దంపతులకు మించి ఇయ్యరాదు. ఈ చివరి నియమము పాటింపబడినంతవరకు ఐరోపాలోని 197 వంటి సంఖ్యకు ఇచట అవకాశము లేదు.

రోగచరిత్ర విషయము మాత్రము ఇంకను తేలలేదు. చికిత్సాలయములు, బ్యాంకులు వివరములను పదేండ్లు ఉంచి, ఆ పిమ్మట జాతీయ పట్టికకు అప్పగింపవలెను. వివరములు గోప్యము, వైద్యపరమైన అత్యవసరమున దంపతులు కోరినప్పుడు గాని, న్యాయస్థానము ఆజ్ఞాపించినప్పుడు గాని వెల్లడింపవచ్చును. 2010 నాటి ముసాయిదాలో, 18 ఏండ్లు నిండిన బిడ్డ పేరు తప్ప తక్కిన వివరములు అడుగవచ్చునను నిబంధన ఉండెను. 2021 చట్టమున అది లేదు. అడుగగలవారిగా అందు చెప్పబడినది దంపతులే. తల్లిదండ్రులు గతించిన పిమ్మట, నలుబదేండ్ల మనిషి వైద్యుని యెదుట కూర్చుండి వంశచరిత్ర చెప్పవలసివచ్చినచో, న్యాయస్థానమే మిగిలిన దారి. ఈ చట్టము అమలైన తరువాత దాతల బీజకణములతో గర్భస్థులై పుట్టిన మొదటి బిడ్డలు 2022 చివరి నెలలలో పుట్టినవారు. వారికి 18 ఏండ్లు నిండునది 2040లో.